చుట్టఱికము లేని పోలిక
(తెలుగునందును కాకసస్ కొండల భాషలయందును అసమాపక క్రియ – ప్రసంగ పాఠము)



భాషాభిమానము గలవారు కావ్యములలోని గంభీర సమాసములను మెచ్చుకొందురు, అలంకారములను కొనియాడుదురు. దినమునకు వేయిమార్లు నోట మెదలెడి చిన్న మాటలను మాత్రము ఎవ్వరును లెక్కింపరు. ‘వచ్చి’, ‘చూచి’, ‘తిని’, ‘పోయి’ యనునవి యట్టి చిన్న మాటలు. వీనికి వ్యాకరణమున క్త్వార్థకములని పేరు. నేటి ప్రసంగము వీనిని గూర్చియే. తెలుగు పల్లెలో పుట్టి పెరిగిన ఈ మాటలకు సరియైన జోడు ఎక్కడో మంచుకొండల నడుమ, తెలుగు పేరైనను వినని జనుల నోట గలదని తెలిసినచో ఆశ్చర్యము కలుగును. ఆ ఆశ్చర్యము ఎంతవఱకు న్యాయమైనదో, ఎచ్చట ఆగవలెనో విచారించుట ముఖ్యము.

ముందుగా తెలుగు వాక్యమునొకదానిని గమనింపుడు: “రైతు తెల్లవారుజామున లేచి, ఎడ్లకు మేత వేసి, అరక కట్టుకొని, పొలమునకు పోయి, రెండు జాములు దున్ని, ఇంటికి వచ్చి, కాళ్లు కడుగుకొని, సంకటి తిన్నాడు.” ఇందు పనులు ఎనిమిది. పూర్తియైన క్రియ ‘తిన్నాడు’ అను ఒక్కటే. తక్కిన ఏడును అసమాపకములు. అనగా వాక్యమును ముగింపనివి. రైతు స్థానమున రైతులని యుంచినచో చివరి క్రియ ‘తిన్నారు’ అని మాఱును. ‘నేను’ అని యుంచినచో ‘తిన్నాను’ అని మాఱును. లేచి, వేసి, కట్టుకొని మొదలగు నేడును ఇసుమంతయు మాఱవు. కర్త ఎవరు, ఒకడా పెక్కుమందియా యను భారమంతయు చివరి క్రియయే మోయును. బండ్ల వరుసలో ముందు బండివానికి త్రోవ తెలిసిన చాలును గదా. ఇచ్చట త్రోవ తెలిసినది కడపటి బండివానికి.

పూర్వులు ఈ విషయమును సూక్ష్మముగా పరిశీలించిరి. రెండు క్రియలకు కర్త యొక్కడే యైనప్పుడు, ముందు జరిగిన పనిని చెప్పు ధాతువునకు క్త్వా ప్రత్యయము వచ్చునని పాణిని సంస్కృతమునకు నియమము చేసెను. ఆ ప్రత్యయము పేరిటనే తెలుగు రూపమునకు క్త్వార్థకమను పేరు కలిగినది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) నాటికే ఈ కుటుంబమునకంతకు పేర్లు స్థిరపడినవి. ‘వచ్చి’ క్త్వార్థకము, ‘వచ్చుచు’ శత్రర్థకము, ‘వచ్చినను’ అప్యర్థకము, ‘రాక’ వ్యతిరేక క్త్వార్థకము. పాశ్చాత్య పండితులు ఇట్టి రూపములకన్నింటికి కన్వర్బులని యొక్క పేరు పెట్టిరి. ఫిన్లాండు పండితుడు రామ్‌స్టెట్ 1903లో మంగోలు భాషను వర్ణించుచు ఈ పేరును వాడెను. నేడది లోకమందలి భాషలకెల్ల చెల్లుచున్నది.

ఇక జోడు గల తావునకు పోవుదము. నల్ల సముద్రమునకును కాస్పియన్ సముద్రమునకును నడుమ కాకసస్ పర్వతములు అడ్డుగోడ వలె నిలిచియున్నవి. వాని తూర్పు కొనను, కాస్పియన్ తీరమున, రష్యా సమాఖ్యలోని దాగెస్తాన్ అను రాజ్యమున్నది. దాగెస్తాన్ అనగా కొండల సీమ. అరబ్బు భూగోళవేత్తలు కాకససును ‘భాషల కొండ’ యని పిలిచిరి. ఈ కొండల తూర్పు భాగమున పుట్టిన ఒకే కుటుంబపు భాషలు సుమారు 30 కలవు. ఒక్కొక్క లోయకు ఒక్కొక్క భాష. కొన్ని యెడల ఒక్క ఊరికే యొక భాష. వీనిలో దాగెస్తానునందు పెద్దది అవారు. ఏడు లక్షలకు పైగా జనులు దానిని మాటాడుదురు. దక్షిణమున సమూరు నది కిరుదెసల, దాగెస్తానులోను అజర్‌బైజానులోను, లెజ్గీ భాష గలదు.

అవారు భాషలో ‘వస్’ అనగా బాలుడు, ‘యస్’ అనగా బాలిక, ‘చు’ అనగా గుఱ్ఱము. ‘బాలుడు వచ్చినాడు’ అనుటకు ‘వస్ వచన’ అందురు. ఈ క్రియకు క్త్వార్థకము ‘వచున్’. అనగా ‘వచ్చి’. తెలుగు చెవి ఈ మాట వినగనే ఉలికిపడును. ‘వచ్చి’ యేమి, ‘వచున్’ ఏమి! అర్థమొక్కటి, అక్షరములు ఇంచుమించుగా అవియే, వ్యాకరణమున స్థానమును అదియే. ఇంకేమి కావలెను? అవారులు తెలుగువారి చుట్టములని చాటింపు వేయుటకు ఉత్సాహవంతులకు ఈ యొక్క మాట చాలును.

ఆ తొందరపాటునకు ముందు ఆ భాషనే అడుగవలెను. బాలిక వచ్చినయెడల అవారులు ‘వచున్’ అనరు, ‘యచున్’ అందురు. గుఱ్ఱము వచ్చినచో ‘బచున్’. పెక్కుమంది వచ్చినచో ‘రచున్’. కావున ‘వచున్’ లోని వకారము ధాతువులోనిది కాదు. వచ్చినవాడు పురుషుడని తెలుపు గుర్తు అది. బాలికకు యకారము, జంతువులకును జడవస్తువులకును బకారము, బహువచనమునకు రేఫము ఆ స్థానమున నిలుచును. గుర్తును తీసివేయగా మిగులు ధాతువు ‘అచ్’ మాత్రమే. అందలి చకారమైనను తెలుగు చకారము కాదు. గొంతు బిగబట్టి, ఊపిరి ఆపి, చిటుక్కున విడుచు ధ్వని యది.

ఉత్తర తెలంగాణమున ‘వచ్చి’ కి మాఱుగా ‘అచ్చి’ యందురు. దానిని జూపి, ధాతువు ‘అచ్’ అయిన నేమి, అదియు తెలుగుననే యున్నదని వాదింప వచ్చును. దానికి సమాధానము తెలుగే చెప్పును. అచ్చట వకారము పలుకుబడిలో జారిపోయినదే కాని, అది మొదట లేకపోలేదు. ఇంతకును ‘వచ్చు’ అను రూపము తెలుగునకు మూలధాతువు కాదు. వ్యతిరేకమున ‘రాడు’, ‘రాక’ యందుము. పిలుచునప్పుడు ‘రమ్ము’ అందుము. వీనిలో చకారమెక్కడ? తోడబుట్టిన తమిళమున ఈ ధాతువు ‘వరు’, కన్నడమున ‘బరు’. ద్వికారముతోడి చకారము తెలుగు తన యింట తరువాత దిద్దుకొన్న రూపము. ఈ విధముగా ఇరుపక్కల నుండి పరీక్షింపగా ‘వచ్చి’, ‘వచున్’ అనునవి సంతలో ఒకే రంగు తలపాగలతో ఎదురుపడిన ఇద్దరు బాటసారుల వంటివి. తలపాగ యొక్కటియైనంత మాత్రమున ఇంటిపేరు ఒక్కటి కాదు. భాషల బంధుత్వమును ఒక్క మాట పోలికతో కాక, పెక్కు మాటలలో క్రమము తప్పక కనబడు ధ్వనుల మార్పులతోనే పండితులు నిర్ణయింతురు. తెలుగునకును అవారునకును అట్టి క్రమమును ఎవ్వరును స్థాపింపలేదు.

మాట పోలిక పోయినది. కట్టడపు పోలిక మిగిలియున్నది, విలువైనది అదియే. చిన్నయసూరి తెలుగు నామములను మహత్తులు, మహతులు, అమహత్తులు అని విభజించెను. పురుషులు మహత్తులు, స్త్రీలు మహతులు, తిర్యక్కులును జడములును అమహత్తులు. అవారు భాషలోని వకార, యకార, బకారములు సరిగా ఈ మూడింటినే తెలుపుచున్నవి. అయితే తెలుగు క్రియ ఏకవచనమున స్త్రీని అమహత్తులతో చేర్చి ‘వచ్చినది’ అనును. బహువచనమున పురుషులతో చేర్చి ‘వచ్చినారు’ అనును. అవారు ఏకవచనమున మూడింటిని వేఱువేఱుగా నుంచి, బహువచనమున అన్నింటిని ఒక్క రేఫముతో కట్టివేయును. ఒకే పంటను ఇద్దరు రైతులు వేర్వేఱు విధముల కుప్ప వేసినట్లున్నది.

ముఖ్యమైన భేదము మఱియొకటి కలదు. తెలుగు క్త్వార్థకము ఎవరి గుర్తును మోయదు. అవారు క్త్వార్థకము మోయును. ‘బాలుడు వచ్చి యున్నాడు’ అనుటకు ‘వస్ వచున్ వుగొ’. ‘బాలిక వచ్చి యున్నది’ యనుటకు ‘యస్ యచున్ యిగొ’. ‘గుఱ్ఱము వచ్చి యున్నది’ యనుటకు ‘చు బచున్ బుగొ’. బాలురైనచో ‘వసల్ రచున్ రుగొ’. నామమునకు తగిన గుర్తు అసమాపక క్రియలో నొకసారి, ‘ఉన్నాడు’ అను క్రియలో మఱియొకసారి వినబడును. తెలుగులో గుర్తు కడపటి బండికే యున్నది. అవారులో ఈ నడుమ బండికిని ముద్ర యున్నది.

ఆ గుర్తు కర్తకే చెందునని భావింపరాదు. ‘తెహ్’ అనగా పుస్తకము. ‘బాలుడు పుస్తకము చదివి యున్నాడు’ అనుటకు అవారులు ‘వసస్ తెహ్ ౘలున్ బుగొ’ యందురు. ఇచ్చటి ౘకారము తెలుగు ‘చలి’ లోని దంత్య చకారమును బోలినదే కాని, దీనిని గూడ గొంతు బిగబట్టియే పలుకవలెను. ‘వస్’ అనునది ‘వసస్’ అయినది. అనగా ‘బాలునిచేత’ అన్నట్లు. చివర ‘వుగొ’ రాలేదు; ‘బుగొ’ వచ్చినది. బకారము పుస్తకమునకు చెందినది! సంస్కృతము చదివినవారికి కర్మణి ప్రయోగము జ్ఞప్తికి రాగలదు. రామునిచేత గ్రంథము చదువబడినది యన్నప్పుడు క్రియ గ్రంథము ననుసరించును గదా. అవారులకు ఇది విశేష ప్రయోగము కాదు, నిత్య వ్యవహారము. చదువుచు అనుటకు ‘ౘలులగొ’, చదువక అనుటకు ‘ౘలిచొగొ’ యను రూపములును ఆ భాషలో గలవు. తెలుగు శత్రర్థకమునకును వ్యతిరేక క్త్వార్థకమునకును అవి సరిజోళ్లు.

‘వచున్ వుగొ’ యను జంటలో ఇంకొక రహస్యము దాగియున్నది. బాలుడు వచ్చుచుండగా కన్నులార చూచినవాడు సామాన్యముగా ‘వచన’ యనును. చూడనివాడు, గడపకడ వాని చెప్పులు చూచి ఊహించినవాడు, లేక పొరుగువారు చెప్పగా విన్నవాడు ‘వచున్ వుగొ’ యనును. తాతలనాటి కథలను చెప్పువారును ఈ జంటరూపముననే నడపుదురు. కథను చెప్పువాడు దానిని చూడలేదు గదా. తెలుగున ఈ పనికి రెండు పనిముట్లు కలవు. విన్నదానికి ‘వచ్చినాడట’ యందుము. ఊహించినదానికి ‘వచ్చినట్లున్నాడు’ అందుము. అవారు భాష విన్నదానిని, ఊహించినదానిని ఒక్క అసమాపక క్రియతో తెలిపి, చూచినదానినుండి వేఱుపఱచును. చావడిలో సాక్ష్యము చెప్పువానిని “నీవు చూచితివా, వింటివా?” యని ప్రశ్నింతురు. ఆ కొండలలో ఆ ప్రశ్నకు క్రియయే ముందుగా బదులు చెప్పుచున్నది.

లెజ్గీ భాషలో పోలిక మఱియొక త్రోవను వచ్చును. అందు క్రియకు స్త్రీ పురుష భేదపు గుర్తు లేదు. నేను, నీవు, వాడు అను భేదమును లేదు. ‘ఫిౙ్’ అనగా పోవుచు. ‘ఫెన’ యనగా పోయి. ‘అవ’ యనగా ఉండుట. ఈ రెండింటిని అతికించి ‘ఫిౙ్వ’, ‘ఫెన్వ’ యందురు. మొదటిది ‘పోవుచు ఉన్నాడు’ అనుట. రెండవది ‘పోయి ఉన్నాడు’ అనుట. తెలుగు ‘పోవుచున్నాడు’ అనునది ‘పోవుచు’, ‘ఉన్నాడు’ అను రెండు మాటల అతుకే గదా. వ్యవహారమున ‘పోతున్నాడు’ అని అరిగిపోయినందున అతుకు కనబడకున్నది. పరభాషలో అదే అతుకును జూచిన తరువాత సొంత యింటి గోడలోని అతుకు కంటబడును.

‘అని’ యను మాట సంగతియు నట్టిదే. ‘వత్తునని చెప్పెను’ అను వాక్యమున ‘అని’ యనునది ‘అను’ ధాతువునకు క్త్వార్థకము. నేడది ఒకరి మాటను మఱియొకరి మాటతో కలుపు బందముగా మాఱినది. లెజ్గీలో ‘లుహుౙ్’ అనగా అనుచు. అదియు ఇట్లే ఒకరి మాటను వాక్యమున కలుపుటకు ఉపయోగించును. ‘వచ్చినప్పుడు’ అనుటకు తెలుగువారు ‘వచ్చిన’ పై ‘అప్పుడు’ చేర్చుదురు. లెజ్గీవారు ‘వచ్చిన’ యను అర్థము గల ‘అతయ్’ పై ‘ల’ చేర్చి ‘అతయ్ల’ యందురు. చుట్టఱికము లేకయే ఇన్ని పోలికలు ఎట్లు కలిగినవి? ఈ భాషలన్నియు క్రియను వాక్యము చివర నుంచునట్టివి. చివరి క్రియకొఱకు వినువాడు వేచియుండగా, నడుమ పనులను ముగింపక వరుసగా కట్టుకొని పోవుటకు అనువైన ముడి కావలెను. ఎద్దుబండి గల సీమలన్నిట చక్రము గుండ్రముగనే యుండును. ఒకరినొకరు చూచి చేసికొనకున్నను.

కర్తను గూర్చిన నియమమొక్కటి చెప్పవలసియున్నది. తెలుగున ‘రాముడు వచ్చి సీత పోయినది’ అనరాదు; ‘రాముడు రాగా సీత పోయినది’ అనవలెను. క్త్వార్థకమునకు కర్త యొక్కడే కావలెనన్న పాణిని మాట ఇచ్చటను చెల్లుచున్నది. కాని ‘వాన కురిసి చెఱువు నిండినది’ యని పల్లెయందు ప్రతివారును అందురు. కురిసినది వాన, నిండినది చెఱువు. ఇది తప్పా? తప్పు కాదు. మొదటి పనియే రెండవదానికి కారణమై, కర్తలు ప్రాణములేనివియైనప్పుడు తెలుగు ఈ వెసులుబాటు ఇచ్చును. తూర్పు కాకసస్ భాషలలో అనేకము ఇంకను ఉదారములు. కర్త యొక్కడే యగుట అచ్చట వాడుక, నిర్బంధము కాదు. సందర్భమే కర్తను తెలుపును.

ఈ సంగతులన్నియు గ్రంథములకు ఎక్కిన విధమును తెలిసికొనదగినది. అవారు కులజుడైన ఇమాం షామిల్ రష్యా సేనలతో పెక్కేండ్లు పోరాడి 1859లో గునీబ్ కొండపై లొంగిపోయెను. ఆ సైన్యముననే ఇంజనీరైన పీటర్ ఉస్లార్ (1816–1875) కొద్ది యేండ్లలో ఆయుధము ప్రక్కనబెట్టి, గ్రామస్థులను చేరబిలిచి, వారు పలికినది పలికినట్లు వ్రాసికొనసాగెను. కొండజాతుల పిల్లలు తమ భాషలోనే ముందుగా చదువవలెనని వాదించి, అక్షరమాలలను కూర్చెను. ఆయన అవారు వ్యాకరణము 1889లోను, లెజ్గీ వ్యాకరణము 1896లోను, ఆయన మరణానంతరము వెలువడినవి. ముగియకనే మిగిలిన తబస్సరాన్ వ్యాకరణము 1979లో గాని అచ్చుపడలేదు.

మాస్కో విశ్వవిద్యాలయమునకు చెందిన అలెక్సాందర్ కిబ్రిక్ (1939–2012) విద్యార్థులను వెంటబెట్టుకొని ఈ గ్రామములను సందర్శించి, 1977లో ఆర్చీ భాషను సహచరులతో గూడి నాలుగు సంపుటములలో వర్ణించెను. ఆర్చీ మాటాడువారు ఇంచుమించు 1,200 మంది. ఆ భాషలో ఒక్క ధాతువునుండి 15,02,839 రూపములు పుట్టగలవని కిబ్రిక్ లెక్కవేసెను. కాలములు, అసమాపకములు, విశేషణములు, వానిపై విభక్తులు ఒకదానిపై నొకటి చేరుటచే అంత లెక్క వచ్చినది. ఇంత సంపద ఒక చిన్న కొండయూరి గొల్లల నోట వసించుచున్నది.

సంపద యున్నంత మాత్రమున నిలుచునని ధైర్యము లేదు. అవారు భాషను 1928 వఱకు అరబ్బీ లిపిలో వ్రాసిరి. 1928లో లాటిను లిపి వచ్చినది. 1938లో రష్యా లిపి వచ్చినది. పదేండ్లలో రెండుమార్లు లిపి మాఱగా, తాత దాచిన పుస్తకము మనుమనికి చదువరానిదైనది. గ్రంథాలయమును నిలుపుకొన్నవారికి ఆ నష్టమెట్టిదో వేఱుగా చెప్పనక్కఱలేదు. 2018లో రష్యాలో చట్టము సవరింపబడి, బడిలో మాతృభాషాబోధనము తల్లిదండ్రుల కోరికపై నాధారపడినది. యునెస్కో 2010లో ప్రకటించిన అపాయమునందున్న భాషల పట్టికలో అవారు, లెజ్గీ, ఆర్చీ మూడును గలవు. చూచినదానిని విన్నదానినుండి వేఱుచేయు నిర్బంధము రష్యను క్రియకు లేదు. ఆ భాషకు మాఱిన పిల్లవాడు కావలెననుకొన్నప్పుడు ‘అందురు’, ‘కాబోలు’ అను మాటలు చేర్చవచ్చును; చేర్చక దాటిపోవను వచ్చును. పూర్వులకు దాటిపోవు వెసులుబాటు లేకుండెను. పోవునది ఒక మాట కాదు, ఒక జాగ్రత్త.

లెజ్గీ కవి సులేమాన్ స్తాల్‌స్కీ (1869–1937) అక్షరజ్ఞానము లేనివాడు. పద్యములను నోటనే కట్టి చెప్పగా ఇతరులు వ్రాసికొనిరి. 1934లో మాస్కో నగరమున జరిగిన సోవియట్ రచయితల మహాసభలో గోర్కీ ఆయనను 20వ శతాబ్దపు హోమరని కీర్తించెను. వ్రాసికొనువారు లేకున్నచో ఆ హోమరు తన గ్రామపు పొలిమేర దాటియుండడు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమున అచ్చుపడిన గ్రంథములు బీరువాలలో భద్రముగా నున్నవి. అచ్చుపడని గ్రంథములు అరుగులమీద కూర్చుండియున్నవి. వృద్ధులు వాడు అసమాపక రూపములను, నాగలికిని ఏతమునకును నాటుపడవకును చెందిన క్రియలను, సామెతలను, వారు పలికినది పలికినట్లు ఒక చిట్టాలో ఎక్కించుట కష్టమైన పని కాదు. బడిపిల్లవానికి చేవ్రాత కుదిరియుండి, వినుటకు ఓర్పు గలిగిన చాలును. వ్రాయునప్పుడు దిద్దరాదు, ‘అచ్చి’ యన్నచోట ‘వచ్చి’ యని సవరింపరాదు. చూచి వ్రాసినది, విని వ్రాసినది వేఱువేఱుగా గుర్తుపెట్టవలెను. అవారుల క్రియ అడుగకయే చేయు పనిని, ఈ చిట్టా వ్రాయువారు తెలిసి చేయవలసియుండును. ఆ చిట్టాకు మొదటి పుటను ఈ రజతోత్సవ సంవత్సరముననే తెఱవుడు.

స్వస్తి.